తాయమ్మ చెంప మీద గీత

జూన్ 3, మంగళవారం

నా భార్య మునిలక్ష్మి నగరిలో పుట్టింట్లోనే ఉండిపోయి ఇవాళ్టికి నాలుగో రోజు. శుక్రవారం వస్తుంది.

ఈ డైరీ పోయినేడాది ఇంకుల కంపెనీ వాళ్ళు షాపులో ఇచ్చిపోయింది. ఇన్నాళ్ళూ దీని మీద టీ గ్లాసులు పెట్టుకున్నాం. జరిగింది జరిగినట్టు రాసుకుంటే మనసు కుదుట పడుతుందేమోనని ఇంటికి తెచ్చాను.

మా అత్త తాయమ్మ మే 21న పోయింది. 31న పదకొండో దినం. శ్రద్ధాంజలి ఫ్లెక్స్ నేనే చేశాను. చిత్తూరులో పదేళ్ళుగా ఫ్లెక్సులు చేసేవాణ్ణి, సొంత అత్తకు ఇంకొకడి చేత చేయిస్తే నలుగురూ నవ్వరా. ఆమెకు ఆధార్ కార్డులో తప్ప ఇంకెక్కడా ఫోటో లేదు. అందులో మొహం మసిగుడ్డలా ఉంది. రంగు తేల్చాను, కళ్ళు విప్పార్చాను, పట్టుచీర కట్టిన వేరే ఆడమనిషి ఒంటికి ఆమె తల అతికించాను, మెడలో కాసులపేరు వేశాను. అందరికీ చేసేది ఇదే. ఇంతవరకు ఎవరూ ఇదేమిటని అడగలేదు.

వీధి మొదట్లో కట్టాక మునిలక్ష్మి వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

“ఎవురీమె?” అని అడిగింది.

నేను నవ్వాను. అదొక తప్పు.

“మా అమ్మ చెంప మీద మచ్చ యాడికి పాయ?”

బాగుంటుందని తీసేశానన్నాను.

భోజనాలయ్యాక నేను బయల్దేరుతుంటే తన సంచి సర్దుకోలేదు. “నువ్వు పో,” అంది. అంతే.

జూన్ 4

పెద్దావిడకు మర్యాదగా ఉంటుందనే ఆ మచ్చ తీసేశాను. ఇందులో నా తప్పేముంది?

జూన్ 6, శుక్రవారం

రాలేదు. తల్లి పోయిన ఇల్లు, సర్దుకోవాల్సినవి ఎన్ని ఉంటాయి. వచ్చే శుక్రవారం వస్తుంది.

జూన్ 7

నేనే ఫోన్ చేశాను. వెనక మరమగ్గాల మోత. ఆ వీధిలో అందరూ మగ్గాల మోత మీదుగా అరిచి మాట్లాడతారు, ఆమె మాత్రం నెమ్మదిగా మాట్లాడింది.

“ఒగటి అడుగుతా, చెప్పు. మా అమ్మకి మచ్చ ఏ చెంప మీద ఉండాది?”

కుడి చెంప అన్నాను.

“మగ్గంలో నాడె ఎగిరొచ్చి ఎడమ చెంపకి కొట్టినాది. నాకప్పుడు మూడేండ్లు. ఆ మచ్చ మీద ఏలు పెట్టుకుంటే గాని నిద్ర పట్టేది కాదు నాకు. పన్నెండేండ్లు ఆమె చేతి కూడు తిన్నావు. ఒగసారన్నా ఆమె మొహం సూసినావా నువ్వు? ఆమెని కాకపోతే పాయ, నా మొహం సూసినావా?”

పెట్టేసింది.

మా వైపు అత్త అల్లుడి ఎదురుగా కూర్చోదు. తలుపు చాటు నుంచే మాట, తల వంచుకునే వడ్డన. ఎప్పుడు చూడమంటుంది నన్ను? అల్లుడు అత్త మొహం తేరిపార చూస్తే ఏమంటారు నలుగురూ?

ఇది మునిలక్ష్మికి చెప్పాలి. మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

జూన్ 8, ఆదివారం

మూకుడులో తిరగమోత వేస్తుంటే ఆవాలు చిటపటలాడాయి. “మంట తగ్గించు” అని మునిలక్ష్మి గొంతు వినపడుతుందేమోనని ఆగాను. తగ్గించలేదు. మాడిపోయింది. అదే తిన్నాను.

జూన్ 10, మంగళవారం

షాపుకు ఒక టీచరమ్మ వచ్చింది. పేరు రూపశ్రీ, స్కూల్లో డ్రాయింగ్ చెబుతుందట. ఆదివారాలు పది మందిని పోగేసి ఊళ్ళో ఏదో ఒక చోట కూర్చోబెట్టి బొమ్మలు గీయిస్తుందట. దానికి చిన్న బ్యానర్ కావాలంది. ‘రెండు నిమిషాలకు ఒక బొమ్మ’ అని వేయించుకుంది.

“రెండు నిమిషాల్లో ఉప్మా కూడా ఉడకదు కదమ్మా,” అన్నాను.

“ఉడకకూడదన్నా, పచ్చిగానే ఉండాల. టైముంటే మనం మనిషిని అందంగా దిద్దుతాము. టైము లేకపోతే కనపడింది గీస్తాము. అంతే తేడా,” అంది.

మా ఓనరు దేవరాజులు ఊరుకోడు కదా. “మా మునిప్రసాద్‌ని అట్లా సూడొద్దు మేడం. ఫ్లెక్సులు రాకముందు ఇరవై అడుగుల ఆంజనేయసామిని ఒంటిచేత్తో ఏసినోడు,” అన్నాడు.

గళ్ళు గీసుకుని వేశానన్న సంగతి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. చిన్న బొమ్మ మీద గళ్ళు, గోడ మీద గళ్ళు. ఈ గడిలో ఉన్నది ఆ గడిలోకి. మొహం చూడనక్కర్లేదు, గడి చూస్తే చాలు. అలా ఎన్ని మొహాలు వేశానో లెక్క లేదు.

ఒక ఆలోచన వచ్చింది. అత్త బొమ్మ చేత్తో గీసి తీసుకుపోతే? మచ్చతో సహా. అప్పుడు మునిలక్ష్మి వస్తుంది.

జూన్ 13, శుక్రవారం

రాలేదు.

రాత్రి అత్త బొమ్మ గీయడానికి కూర్చున్నాను. ఆధార్ కాపీ మీద గళ్ళు గీశాను. గళ్ళ నిండా నలుపే. పెన్సిలు అక్కడే పెట్టేసి పడుకున్నాను.

జూన్ 15, ఆదివారం

పొద్దున ఆరున్నరకు బస్టాండుకు పోయాను. రూపశ్రీ నన్ను చూసి, ఏమీ అడగకుండా ఒక అట్ట, కాగితాలు, పెన్సిలు ఇచ్చింది. రబ్బరు ఇవ్వలేదు. అడిగితే, “రబ్బరుంటే చెయ్యి భయపడతాదన్నా,” అంది. కాగితాన్ని కాదు, మనిషిని చూడమంది. ఫోన్లో రెండు నిమిషాలు పెట్టింది. మోగితే ఆపేయాలి. బాగున్నా ఆపాలి, బాగా లేకున్నా ఆపాలి.

ఇంటర్ చదివే పిల్లలు నా రెండు పక్కలా సర్రున గీస్తున్నారు. పలమనేరు బస్సు కోసం కూర్చున్న ఒకాయన్ని ఎంచుకున్నాను. ముక్కు దగ్గర మొదలుపెట్టి ముక్కు దగ్గరే ఉన్నాను, ఫోన్ మోగింది. రెండో మనిషికి కన్ను. మూడో మనిషి లేచి వెళ్ళిపోయాడు.

ఇరవై కాగితాలు. ఒక్కటీ మనిషిలా లేదు. ఇరవై అడుగుల ఆంజనేయస్వామి ఈ చేతుల్లోంచే వచ్చాడంటే నాకే నమ్మకం కలగలేదు. చచ్చేంత సిగ్గేసింది. కాగితాలు చింపబోతే రూపశ్రీ ఆపింది.

“చింపొద్దన్నా. నువ్వు గీసినప్పుడంతా కాగితాన్నే సూస్తా ఉండావు. నేను లెక్క పెట్టినా. రెండు నిమిషాల్లో ఆయప్పని నాలుగుసార్లు సూసినావు.”

నాలుగుసార్లు. ఆ మాట దారి పొడుగునా నా వెంటే వచ్చింది.

జూన్ 17

షాపులో టీ తాగే రెండు నిమిషాలు దేవరాజులును గీశాను. ఫోన్లో ఎవరినో తిడుతున్నాడు. చూసుకుని, “నా పొట్ట అంతుండాదా అబ్బా?” అన్నాడు. ఉందన్నాను.

జూన్ 18

నాలుగు బొమ్మలు.

జూన్ 19

ఆరు. పాలు పోయించుకునేటప్పుడు, బస్సులో, షట్టరు తీసేలోపు. మునిలక్ష్మి ఫోన్ ఎత్తలేదు.

జూన్ 20, శుక్రవారం

రాలేదని రాయడం ఇక మానేస్తాను.

జూన్ 22, ఆదివారం

ఈసారి మామిడి మండీ. తోతాపురి లోడ్లు వరసగా నిలబడి ఉన్నాయి. కాయలు ఏరే ఆడవాళ్ళు కుప్పల చుట్టూ గొంతుకూర్చున్నారు. వాళ్ళు ఒక్క క్షణం కుదురుగా ఉండరు. చెయ్యి కాయ మీద పడుతుంది, తిప్పుతుంది, మచ్చ ఉంటే ఎడమకు, లేకుంటే కుడికి. కాగితం వంక చూసే సందే ఇవ్వలేదు నాకు. చూస్తూ గీశాను. చూస్తూనే గీశాను.

ఏడో బొమ్మ దగ్గర ఏమైందో తెలియదు. ఒకామె వంగి ఉంది, వీపు, మెడ, తలకు చుట్టిన తువ్వాలు. ఫోన్ మోగాక కిందికి చూస్తే ఆమె నా కాగితం మీద కూర్చుని ఉంది. మొహం లేదు, పది గీతలు కూడా లేవు, కానీ ఆమే. ఇరవై ఏళ్ళలో నేను గళ్ళు లేకుండా గీసిన మొదటి మనిషి.

ఇది చూపించాలనిపించిన మనిషి నగరిలో ఉంది.

పెళ్ళైన కొత్తల్లో నేను బోర్డు రాస్తుంటే మునిలక్ష్మి కింద నిలబడి నిచ్చెన పట్టుకునేది. “ఆ అక్షరం కడుపు ఇంకా కొంచెం నిండాల,” అనేది. ఆమె చెప్పినట్టు చేస్తే నిజంగానే బాగుండేది. షాపులో కంప్యూటరు ముందు చేరాక నిచ్చెన అక్కర్లేకపోయింది. ఆమె ఏం చూస్తోందో, ఏం చెబుతోందో నేను వినడం ఎప్పుడు మానేశాను? ఆ తేదీ ఏ డైరీలోనూ లేదు.

జూన్ 26, గురువారం

ఆషాఢం వచ్చింది. దేవరాజులు మొదలుపెట్టాడు. “ఆషాడానికి కొత్త పెండ్లికూతుర్లు కదప్పా పుట్టింటికి పొయ్యేది. మీకు పన్నెండేండ్లయినంక వచ్చిందా ఆషాడం?”

నవ్వాను. ఆయన నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి సంగటి ముద్ద తీసి నా ముందు పెట్టాడు.

జూన్ 29, ఆదివారం

తిరుపతి పోయాం అందరం. రైల్వే స్టేషన్ బయట కూర్చున్నాం. ఎటు చూసినా గుండ్లు చేయించుకుని దిగి వచ్చినవాళ్ళు, చందనం పూసుకున్న తలలు. గుండ్లన్నీ ఒకటేలే, సులువు అనుకున్నాను. అన్నీ వేరే. ఒకటి వెనక పలకలా, ఒకటి గుమ్మడికాయలా, ఒకదాని మీద చిన్నప్పటి కుట్లు. జుట్టు పోయాక దాక్కోవడానికి ఎక్కడా చోటు లేదు మనిషికి.

ఒక ముసలామె గుండుతో మెట్టు మీద కూర్చుని నిమ్మసోడా తాగుతోంది. ఆమెను గీశాను. చెవి వెనక కాలిన మచ్చ ఉంది, రూపాయి బిళ్ళంత. గీసేశాను. ఫోన్ మోగింది. రూపశ్రీ చూసి, “ఇదన్నా,” అంది. “మచ్చ మొదలు ఏసినావా, చెవి మొదలు ఏసినావా?”

“గురుతు లేదమ్మా. రెండూ ఒగసారే కనపడినాయి.”

“ఇంగ నీకు భయం లేదు,” అంది.

అందరూ ఆ బొమ్మ చుట్టూ చేరి బాగుంది బాగుంది అంటున్నారు. నాకు మాత్రం అక్కడ నిలబడబుద్ధి కాలేదు. మంచినీళ్ళు తెచ్చుకుంటానని చెప్పి అవతలికి పోయాను.

జూలై 2, బుధవారం

రెండు రోజులు రాయలేదు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. నాకు నేనే అబద్ధం చెప్పుకోవడం దేనికి?

ఆ మచ్చ నేను మర్యాద కోసం తీయలేదు. ఆధార్ కార్డు స్కాన్ చేసినప్పుడు చెంప మీద ఒక తెల్ల గీత కనపడింది. పైన ల్యామినేషన్ గీసుకుపోయిందనుకున్నాను. రోజుకు పది కార్డుల మీద అలాంటి గీతలు తుడుస్తాను. మౌస్ పట్టుకుని రెండుసార్లు రుద్దాను, పోయింది. మునిలక్ష్మి వీధి మొదట్లో నిలబడి అడిగేదాకా మా అత్త చెంప మీద మచ్చ ఉన్న సంగతే నాకు తెలియదు.

ముక్కూ మొహం తెలియని ముసలామె చెవి వెనక మచ్చ రెండు నిమిషాల్లో కనపడింది. అత్తది పన్నెండేళ్ళు కనపడలేదు నాకు. మర్యాద, ఆచారం, తలుపు చాటు, ఇవన్నీ చేతులు కాలాక పట్టుకున్న ఆకులు. ఇంకొకటి కూడా రాస్తాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే మునిలక్ష్మి మొహం కూడా పూర్తిగా రావడం లేదు. గొంతు వస్తుంది. నిచ్చెన పట్టుకున్న చేతులు వస్తాయి. మొహం దగ్గరికి వచ్చేసరికి గళ్ళే. ఆమె అడిగింది అదే కదా.

ఆమెను చూడాలని ఉంది. చూడాలని ఎంత ఉందో రాయడానికి చేతకావడం లేదు.

జూలై 4

ఫోన్ ఎత్తింది. “ఆదివారం వస్తా,” అన్నాను.

“దేనికి?”

“చెప్పాల్సింది ఒగటి ఉండాది.”

“రా,” అంది. ఆ ఒక్క మాటను పొద్దున్నుంచి ఎన్నిసార్లు విన్నానో.

జూలై 5, శనివారం

ఒట్టి చేతులతో ఎలా పోను? సాయంత్రం షాపు కట్టేసి వచ్చి ఫోన్లో రెండు నిమిషాలు పెట్టాను. కళ్ళు మూసుకుని అత్తను తలుచుకున్నాను. మొహం రాలేదు, వస్తుందని అనుకోనూ లేదు. గీయి, ఏది కనపడితే అది గీయి అనుకుని మొదలుపెట్టాను.

చేతులు వచ్చాయి.

సంగటి ముద్దను తడిచేత్తో గుండ్రంగా చేసి కంచంలో జారవిడిచే చేతులు. చిటికెన వేలు కొంచెం వంకర. నూలు కండెలు చుట్టి చుట్టి చూపుడువేలి మీద దారం కోసిన గాట్లు, గోళ్ళ సందున నీలిరంగు. గాజు గాజుకూ మధ్య తగిలించిన పిన్నీసు. నేను తల వంచుకుని కంచంలోకే చూస్తూ తిన్నాను కదా, కంచంలోకి వచ్చినవన్నీ చూశానన్నమాట. “ఇంగో ముద్ద ఎయ్యనా నాయనా?” అనేది. వద్దన్నా వేసేది.

ఫోన్ మోగేసరికి బొమ్మ అయిపోయింది. ఏడ్చాను. ఆమె పోయిన నెలన్నరకు ఇవాళ ఏడ్చాను.

జూలై 6, ఆదివారం. నగరి

ఇది మునిలక్ష్మి పుట్టింటి తిన్నె మీద కూర్చుని రాస్తున్నాను.

పుత్తూరు మీదుగా వచ్చాను. వీధి మొదట్లో ఫ్లెక్స్ లేదు. ఇంటి ముందు నూలు కట్టలు వానకు తడవకుండా ఏదో కప్పి ఉంది. తెల్లగా ఉన్న వెనక వైపు పైకి. అది ఏమిటో తెలిసింది. ఎత్తి చూడబుద్ధి కాలేదు.

వాళ్ళమ్మ రాట్నం ముందు మునిలక్ష్మి కూర్చుని కండెలు చుడుతోంది. చిక్కిపోయింది. నన్ను చూసి నీళ్ళ చెంబు ముందుకు జరిపింది. మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

చేతుల బొమ్మ ఇచ్చాను.

రాట్నం ఆగింది. కాగితం మీద చూపుడువేలిని తన వేలితో తడిమింది. “నూలు కోసిన గాట్లు గూడా ఏసినావే,” అంది. తర్వాత, “మొహం యాడ?”

“రాలేదు. నేను సూడలేదు కాబట్టి రాలేదు.” అంతా చెప్పాను. తెల్ల గీత, ల్యామినేషన్, రెండుసార్లు రుద్దడం. “మచ్చ ఉన్నట్టే తెలీదు నాకు. బాగుంటాదని తీసేసినా అని ఆ పొద్దు నీకు అబద్దం చెప్పినా.”

“తెలుసు,” అంది.

“ఎట్లా?”

“నీ మొహం సూసినా కదా ఆ పొద్దు.”

తల వంచుకోబోయి ఆపుకున్నాను. తల వంచుకునే కదా ఇంత దూరం వచ్చింది.

“నిన్ను గీయనా?” అని అడిగాను.

“కదలకుండా కూసునేదానికి నాకు కుదర్దు. పనుండాది.”

“కదులు. రెండు నిమిషాలే.”

ఫోన్లో టైము పెట్టి కింద పెట్టాను. ఆమె రాట్నం తిప్పుతోంది, దారం తెగితే ముడి వేస్తోంది, వెంట్రుకలు వెనక్కి తోసుకుంటోంది. కాగితం వంక చూడలేదు నేను. పన్నెండేళ్ళకు సరిపడా చూశాను. కనుబొమల మధ్య గీత ఒకటి ఉంది, అది ఎప్పుడు వచ్చిందో. కింది పెదవి ముడి వేసేటప్పుడు లోపలికి పోతుంది. దవడ దగ్గర ఎముక తేలింది. అన్నీ ఇక్కడే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు.

మోగింది. కిందికి చూసుకున్నాను. కాగితం మీద ఉన్నది మునిలక్ష్మి కాదు. పెద్ద వయసు మనిషి. చెంపలు లోపలికి పోయి, కళ్ళు అలిసిపోయి ఉన్నాయి.

“చెడిపోయింది,” అన్నాను.

ఆమె చేయి చాపి తీసుకుంది. చాలాసేపు చూసింది. ఫ్లెక్స్ ముందు నిలబడి చూసినట్టే చూసింది. మళ్ళీ ‘ఎవురీమె’ అంటుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

నా చేతిలోంచి పెన్సిలు తీసుకుంది. ఎడమ చెంప మీద, కంటి కొస నుంచి దవడ దాకా ఒక్క గీత గీసింది. ఆగలేదు, తడుముకోలేదు. కళ్ళు మూసుకున్నా గీసేదేమో.

“మా అమ్మ,” అంది.

ఆ గీత మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. వీధిలో కరెంటు పోయినట్టుంది, మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

కాసేపటికి లేచి బొమ్మను గూట్లో పెట్టి వచ్చింది. రాట్నం పక్కకు జరిపి నా ఎదురుగా కూర్చుంది.

“అది గోడకి. ఇప్పుడు నన్ను ఎయ్యి.”

ఫోన్ తీసుకోబోయాను.

“దాన్ని ఆ పక్కన పెట్టు,” అంది.

వెలుతురు ఉన్నంతసేపూ గీశాను. పూర్తి కాలేదు. రేపు షాపుకు రావడం లేదని దేవరాజులుకు ఫోన్ చేసి చెప్పాను. మునిలక్ష్మి లోపల పొయ్యి మీద ఏదో తిరగమోత వేస్తోంది, ఆవాలు చిటపటలాడుతున్నాయి. పొద్దున మళ్ళీ అక్కడే కూర్చుంటానంది.